గ్యాలరీ మెట్లెక్కని కొండయ్యరాజు

కయత్తారు పేరు తెలుగువారిలో చాలమందికి ఒకే కారణమున జ్ఞప్తియందుండును. తిరునెల్వేలి నుండి కోవిల్పట్టి మీదుగా మధురకు పోవు రహదారి నంటియున్న ఆ చిన్న యూరిలో, 1799వ సంవత్సరము అక్టోబరు 16వ తేదీన, పాంచాలంకురిచ్చి పాలెగాడగు వీరపాండ్య కట్టబొమ్మని ఆంగ్లేయులు ఉరిదీసిరి. తెలుగు ఇంటిభాషగా గల రాజకంబళ నాయకుల కులమున జన్మించిన ఆ వీరుని విగ్రహము నేడచ్చట నిలిచియున్నది; దానిని సొంత సొమ్ముతో నెలకొల్పినవాడు నటుడు శివాజీ గణేశన్. 1959లో వెలువడిన చలనచిత్రమున ఆయన కట్టబొమ్మని వేషము ధరించిన నాటినుండి, ఆ వీరుని ముఖమెట్టిదని అడిగినచో ఆ సీమలోని బాలునకైనను వృద్ధునకైనను స్ఫురించునది ఆ నటుని మీసకట్టు, ఆ నటుని కనుబొమలే. చరిత్ర విడిచిన ఖాళీని కళ యట్లు పూరించును. పూరించిన పిమ్మట అది యొకరి కల్పన యని యెవ్వరును తలపోయరు.

కయత్తారునకు ఉత్తరమున అదే మార్గముమీద కోవిల్పట్టి కలదు. నల్లరేగడి చేలకును, అగ్గిపెట్టెల పరిశ్రమకును, బెల్లపు పాకమున వేరుసెనగపప్పు కలిపి చేయు కడలై మిఠాయికిని ప్రసిద్ధమైన ఆ పట్టణమున మూడు దశాబ్దములు నివసించి, దేవతలకే యట్టి ముఖములను ప్రసాదించిన చిత్రకారుడొకడుండెను. ఆయన సి. కొండయ్యరాజు. 1898లో చెన్నపట్టణపు మైలాపూరున జన్మించి 1976లో దివంగతుడైన ఆ మహనీయుని లక్ష్మీ సరస్వతులను, మీనాక్షిని, కుమారస్వామిని క్యాలెండరు రూపమున ఏదో యొక గోడమీద చూడని దక్షిణదేశపు గృహస్థుడు అరుదు. ఆయన పేరు విన్న తెలుగు పాఠకుడు అంతకంటెను అరుదు. చిత్రము ఇంత విఖ్యాతమై, చిత్రకారుడు ఇంత అజ్ఞాతుడగుట యెట్లు సంభవించెను? చిత్రకారుని జీవితమును తూచు త్రాసును మనము పూర్తిగా గ్యాలరీల చేతికి అప్పగించుటవలన సంభవించినదని నా దృఢవిశ్వాసము.

ఈ సీమను గూర్చి మన పాఠకులకు ఒకింత చెప్పవలసియున్నది. విజయనగర ప్రభువుల కాలమునుండియు, పిదప మధుర నాయకుల యేలుబడిలోను, తెలుగు కుటుంబములు అలలు అలలుగా దక్షిణమునకు తరలి, కోవిల్పట్టి, విరుదునగరము, రాజపాళయము చుట్టుపట్టుల రేగడినేలలను సాగుచేసి స్థిరపడినవి. రాజపాళయమునందలి రాజులు, చుట్టుప్రక్కల కమ్మవారు, రెడ్లు, నాయుళ్ళు నేటికిని ఇంట తెలుగు పలుకుచు, బడిలో తమిళము చదువుచు, తెలుగు లిపిని మాత్రము ఎరుగకయే జీవించుచున్నారు. మదరాసు రాష్ట్రమునకు ముఖ్యమంత్రియైన పి. యస్. కుమారస్వామిరాజా రాజపాళయమువాడే. కోవిల్పట్టికి చేరువనున్న ఇడైసేవల్ గ్రామమున 1923లో జన్మించి, తెలుగువారి వలసగాథను తమిళమున నవలగా వ్రాసి, 1991లో సాహిత్య అకాడమి పురస్కారము నందుకొన్న కి. రాజనారాయణన్ మాతృభాష తెలుగే. ఆ సమీపముననే యున్న ఎట్టయపురమునుండి 1904లో సుబ్బరామ దీక్షితులు తన సంగీత సంప్రదాయ ప్రదర్శినిని తెలుగులో ముద్రించి ప్రకటించెనన్న సంగతిని మన సంగీతవిద్వాంసులు ఎరుగుదురు. ఆ యూరు ఎక్కడనున్నదో పటమున చూపగలవారు మాత్రము కొలదిమందియే. ఇట్టి సీమలో ఒక కొండయ్యరాజు వచ్చి నిలువ నీడ యేర్పరచుకొనుట యాదృచ్ఛికమే యైనను, అసహజము మాత్రము కాదు.

దక్షిణదేశమున తైలవర్ణచిత్రకళ వ్యాపించిన త్రోవలోను ఈ మధుర సీమ నాయుళ్ళ పాదముద్రలు కలవు. తిరువాన్కూరున స్వాతితిరునాళ్ మహారాజు కొలువున మన్ననలందిన చిత్రకారుడు అళగిరినాయుడు మధురనుండి వెళ్ళినవాడు. పిదప అదే యాస్థానమునందు రామస్వామినాయుడుండెను. ఆయన తన విద్యామర్మములను యువకుడగు రవివర్మకు నేర్పుటకు సమ్మతింపలేదని రవివర్మ జీవితకథ చదివినవారందరికిని తెలియును. 1894లో రవివర్మ బొంబాయి చెంత ముద్రణాలయము నెలకొల్పి, రాజమందిరములకు పరిమితమైన దేవతాచిత్రములను సామాన్యుని గోడకు దింపెను. ఆ దింపుడు కార్యమునకు దక్షిణమున వారసుడైనవాడు కొండయ్యరాజు. రవివర్మ పేరు నిలిచినది, కొండయ్యరాజు పేరు నిలువలేదు. రవివర్మ తైలవర్ణచిత్రములు సంస్థానములందును, వస్తుప్రదర్శనశాలలందును చెక్కుచెదరక యుండుటయే ఇందుకు మొదటి కారణమని నాకు తోచుచున్నది.

కొండయ్యరాజు అశిక్షితుడైన అంగడి చిత్రకారుడు కాడని మొదట స్పష్టము చేయవలయును. 1850లో డాక్టరు అలెగ్జాండరు హంటరు స్థాపించిన మదరాసు చిత్రకళాపాఠశాలలో ఆయన శాస్త్రీయముగా చిత్రలేఖనము నభ్యసించెను. తరువాత మనస్సు విరాగమువైపు మరలగా తిరువణ్ణామలకు పోయి, రమణమహర్షి సన్నిధిని కొంతకాలము గడిపి, మహర్షి చిత్తరువును రచించెను. జీవితాంతము ఆయన నిరాడంబరుడై మెలగుటకు బీజములు అచ్చటనే పడినవని తలంచుట తప్పు కానేరదు. ఆ పిమ్మట ఆయన జీవనోపాధికై, తెరలు వ్రాయువానిగా, ప్రవేశించిన రంగము నాటకసమాజము. ఆశ్రమము నుండి నాటకశాలకు పోవుట నేటివారికి విడ్డూరముగా తోపవచ్చును గాని, ఆనాటి చిత్రకారునకు కూలి దొరకు చోటు అదియే.

నాటకపు తెరలను వ్రాయుట ఎట్టి విద్యయో తెలిసినగాని కొండయ్యరాజు క్యాలెండరు చిత్రమును చదువుట సాధ్యము కాదు. దర్బారు తెర, వీధి తెర, అరణ్యపు తెర, కైలాసపు తెర అని వరుసగా దిగుచుండగా, వెనుక వరుసలో నేలమీద కూర్చున్న ప్రేక్షకుడుకూడ క్షణములో స్థలమును గుర్తింపవలయును. స్తంభములు ఇరుప్రక్కల నిలిచి చూపును మధ్యకు నడిపింపవలయును. దూరమున కొండలు, చెరువు, గోపురము పలుచని నీలిమలో కరగిపోవలయును. ముందునుండి పడు దీపకాంతికి రంగులు వెలవెలపోకుండవలయును. ఇప్పుడు ఆయన గజలక్ష్మిని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. దేవి నిలుచున్నది కొలనులో. కాని ఆ కొలను రంగస్థలము, వెనుకనున్న ఆకాశము తెర, ఏనుగులు ఇరుప్రక్కల స్తంభములు. దేవి మనవైపు తిన్నగా చూచుచున్నది, పాత్రధారి ప్రేక్షకుని చూచునట్లు. దర్శనమనగా భక్తుడు దేవుని చూచుట మాత్రమే కాదు, దేవుడు భక్తుని చూచుటయు నని నమ్ము దేశమున, ఆ తిన్ననిచూపు కలిగించు ఫలము అపారము. నాటకశాలనుండి గ్రహించిన శిల్పమును పూజగదికి అంతటి నేర్పుతో తరలించిన చిత్రకారుడు మరియొకడు నాకు కనబడలేదు.

1942లో నాటకసమాజముతో కోవిల్పట్టికి వచ్చిన ఆయన, ఆ సమాజము చెదరిపోగా, సహచరుడగు టి. యస్. సుబ్బయ్యతో అక్కడనే నిలిచిపోయెను. దేవీ ఆర్ట్ స్టూడియో అను పేర నొక చిత్రశాల వెలసెను. ఛాయాచిత్రములు తీయుట, వానికి రంగులద్దుట, మూర్తిచిత్రములు వ్రాయుట, దేవతాచిత్రములు వ్రాయుట — అన్నియు ఆ యొక్క కప్పు క్రిందనే జరిగెడివి. టి. యస్. అరుణాచలము, ఎం. రామలింగము, ఎం. శ్రీనివాసన్, జి. శెన్బగరామన్ మున్నగువారు ఆయన శిష్యులైరి. అచ్చుపడిన అనేక చిత్రముల అడుగున గురుని పేరును శిష్యుని పేరును జంటగా కనబడును. గురువు రేఖావిన్యాసము చేసిన దానికి శిష్యుడు వర్ణము పూయుట, శిష్యుడు వ్రాసినదానికి గురువు కన్నులు దిద్దుట మన ప్రాచీన శిల్పిశ్రేణుల మర్యాదయే. ఒక చేతి సంతకమే కళకు ప్రమాణమనుకొను నేటి విపణికి ఆ జంటసంతకము అడ్డంకి యగుచున్నది. నాకది ఉదారహృదయమునకు నిదర్శనముగా నున్నది. వెల కట్టునప్పుడు శిష్యునికి తన పేరుతో సమానస్థాన మిచ్చు చిత్రకారులు నేడెందరు కలరు?

కోవిల్పట్టికి ఒకటి రెండు గంటల దారిలో, నేటి విరుదునగర జిల్లాలో, శివకాశి యున్నది. 1920ల ఆరంభమున షణ్ముగనాడారు, అయ్యనాడారు కలకత్తాకు పోయి అగ్గిపుల్లల తయారీ నేర్చి వచ్చి ఆ యూర పరిశ్రమ నారంభించిరి. అగ్గిపెట్టెకు లేబిలు కావలెను, బాణసంచాకు లేబిలు కావలెను. లేబిళ్ళను ఎల్లప్పుడు వేరొకచోట అచ్చువేయించుకొనుటకంటె ఇక్కడనే ముద్రించుట లాభమని లితో ప్రెస్సులు వెలసినవి. ప్రెస్సులున్న పిమ్మట వానికి ఏడాది పొడుగున పని కావలెను. ఆ పని క్యాలెండరు రూపమున దొరకెను. వానలు తక్కువగుటచే వ్యవసాయమున కొరగాని యెండలు ముద్రితపత్రములు ఆరుటకు అనుకూలించుటయు ఆ యూరికి కలిసివచ్చెను. ఆడిమాసము పదునెనిమిదవనాడు పూజచేసి రాబోవు సంవత్సరపు క్యాలెండరు నమూనాలను విడుదల చేయుట శివకాశివారి ఆచారము. అంగడి యజమాని ఆ నమూనాలనుండి దేవుని ఎన్నుకొనును. క్రింద తన దుకాణము పేరు అచ్చువేయించుకొని సంవత్సరాదికి ఖాతాదారులకు కానుకగా పంచును. సంవత్సరము గడచినను ఇల్లాలు ఆ బొమ్మను పారవేయదు. తేదీల భాగమును కత్తిరించి, అద్దముపెట్టి పటము కట్టించి, కుంకుమబొట్టు పెట్టి పూజామందిరమున నిలుపును. నెల్లూరు మొదలు నాగర్‌కోయిల్ వరకు కొండయ్యరాజు ప్రదర్శనశాలలు ఈ ఇండ్లే. ప్రవేశ రుసుము లేదు, మూసివేయు వేళ లేదు.

అయితే ఈ ప్రస్థానమున మూలచిత్రము గతి యేమి? ప్రెస్సువాడు చిత్రమును హక్కులతో సహా కొనివేయును. లితో కాలమున ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క పలక చొప్పున నేర్పరులు చేతితో గీసి విభజించెడివారు. పిదప ఆఫ్సెట్టు వచ్చి కెమెరా ఆ పనిచేసెను. రంగు వెలసినచోట మరియొకరు దిద్దుదురు, దుస్తులు మార్తురు, ఆకాశము మార్తురు. అచ్చు పూర్తియైన పిమ్మట మూలచిత్రము గోదామున ఏ మూలనో పడి చెదలకును చెమ్మకును ఆహుతియగుట వృత్తిలో సామాన్యవిషయము. గ్యాలరీకి కావలసినది ఏకైకమైన మూలప్రతి. క్యాలెండరునకు కావలసినది ఆ మూలప్రతిని జీర్ణించుకొని బయల్వెడలిన లక్ష ప్రతులు. కొండయ్యరాజు సృష్టి యంతయు రెండవదానియందే జీవించినది. కనుకనే ఆయనను గూర్చి ప్రదర్శనల జాబితా లేదు, వేలపు ధరల చరిత్ర లేదు.

ఇచ్చట నాకొక న్యాయమైన ప్రశ్న పుట్టుచున్నది. మన తెలంగాణపు నిజాంపూరున 1940లో పుట్టి, బరోడాలో కె. జి. సుబ్రహ్మణ్యన్ వద్ద శిక్షణపొంది, రాగిరేకులపై ఆమ్లముతో గీతలు కొరికించి అచ్చులు తీయుటలో అఖిలభారత ఖ్యాతి నార్జించిన లక్ష్మాగౌడ్ ప్రింట్లను గ్యాలరీలు గౌరవముతో ప్రదర్శించును. ఆ గౌరవము ఆయనకు సర్వవిధముల తగును. ఆ ప్రింటుకూడ అచ్చే. దాని అడుగున ప్రతిసంఖ్యయు, చిత్రకారుని చేవ్రాలును ఉండును. నిర్ణీతసంఖ్య పూర్తికాగానే ఇక అచ్చువేయరు. లితోగ్రాఫును సైతము సంఖ్య పరిమితము చేసి సంతకము పెట్టినచో కళాఖండముగా స్వీకరింతురు. అట్లయినచో కొండయ్యరాజు బొమ్మకును దానికిని గల భేదము పరికరములలో లేదు. ప్రతుల సంఖ్యలో నున్నది, కొనువాని స్తోమతులో నున్నది. కొరతయే విలువయని వర్తకుడు చెప్పవచ్చును, అది వర్తకధర్మము. కళావిమర్శకుడు కూడ అదే మాటను వల్లించుట మాత్రము విచారకరము.

నేను గ్యాలరీలకు శత్రువును కాను. కరీంనగరు ప్రాంతపు బూరుగుపల్లెనుండి వచ్చిన తోట వైకుంఠము, తన యూరి స్త్రీల నిండుబొట్టును, ముతకచీరెల ఎరుపు పసుపులను దేశవిదేశముల గ్యాలరీ గోడలకెక్కించుట తెలుగుజాతికి గర్వకారణము. గ్యాలరీ లేనిచో ఆ పల్లెపడుచుల తేజస్సును లోకమింత శ్రద్ధగా చూచియుండదు. ఇంకను స్పష్టమైన ఉదాహరణము రాజమహేంద్రవరమున నున్నది. దామెర్ల రామారావు 1897లో, అనగా కొండయ్యరాజునకు ఒక్క యేడు ముందు, జన్మించెను. ఆంగ్లేయ గురువగు ఓస్వాల్డ్ కూల్డ్రే ఆదరణమున బొంబాయికి పోయి చదివి, గోదావరీతీరమున చిత్రకళాపాఠశాల నెలకొల్పి, 1925లో ఇరువదియెనిమిదేండ్లు నిండకమునుపే అస్తమించెను. ఆ స్వల్పాయుష్కుని కృషి నేటికిని మనకు దక్కుటకు హేతువు, ఆయన పేరిట నెలకొన్న చిత్రశాల. భద్రపరచుటయే గ్యాలరీ యొక్క పరమధర్మము, అమ్ముట తరువాతిది. దామెర్లకు దక్కిన ఆ రక్ష, డెబ్బదియేండ్లకు పైబడి జీవించి అసంఖ్యాకముగా రచించిన కొండయ్యరాజునకు దక్కలేదు. మన వడ్డాది పాపయ్యకు సైతము యువ, చందమామ పత్రికల ముఖపత్రములే ప్రదర్శనశాలలైనవి. ఆ సంచికలను దాచుకొన్న పాఠకుల పుణ్యమున ఆయన చిత్రములు మిగిలినవి.

కొండయ్యరాజునకు వ్యతిరేకముగా చెప్పబడు బలమైన మాట యొకటి కలదు. దానిని దాటవేయుట ధర్మము కాదు. క్యాలెండరు దేవతలందరును ఒకే అచ్చున పోసినట్లు గుండ్రని చెక్కిళ్ళతో, ఒకే చిరునగవుతో, పాలవన్నె మేనితో నుండుటచే, ఊరూర భిన్నముగా వెలసిన మూర్తుల వైవిధ్యము జనుల మనస్సునుండి చెరిగిపోయినదని విమర్శకులందురు. ఇది చాలవరకు నిజము. రేగడిసీమలోని మారియమ్మ, అయ్యనారు మూర్తులు సున్నముతోను మట్టితోను ఉగ్రముగా, చూపరుల గుండెలదరునట్లు నిలుచునవి. క్యాలెండరు వానిని మచ్చిక చేసినది. మేనిఛాయను గూర్చి మన సంఘమున పాతుకొనియున్న దుర్వ్యామోహమునకు ఈ చిత్రములు తమవంతు ఆజ్యము పోసినవి. ఈ దోషమును నేను కాదనను. అయినను దోషభారమంతయు చిత్రకారునిపై మోపుట సబబు కాదు. కొనుగోలుదారు లేనిదే ప్రెస్సు అచ్చువేయదు, కొనుగోలుదారు కోరినది ఆ ముఖమే. పైగా కొండయ్యరాజు స్వయముగా చేసిన రచనయందు, అనుకర్తలలో కానరాని సంయమమున్నది. మీనాక్షీకల్యాణమును చూడుడు. మధురాలయమందలి ప్రసిద్ధశిల్పమున వలె, వధువు చేయి వరునిచేత నుంచబడు ముహూర్తమే ఇందును విషయము. మీనాక్షి తలవంచియున్నది, ఆ వంపులో బిడియము, రాణియైనదాని ఠీవి రెండును కలవు. దానిని పదింతలు తళుకుతో తిరుగవ్రాసిన పిన్నల ప్రతులను ప్రక్కనబెట్టి చూచినచో గురుని స్థాయి అవగతమగును. ఆ పోలిక చూచుకొనుటకైనను అసలు ప్రతులు ఒకచోట నుండవలదా?

విదేశములలోని విద్వాంసులు ఈ పనిని మనకంటె ముందు ప్రారంభించిరి. కెనడాకు చెందిన స్టీఫెన్ ఇంగ్లిస్ అను మానవశాస్త్రజ్ఞుడు కొండయ్యరాజును ఆధునిక నిష్ణాతునిగా పరిగణించి 1995లో వ్యాసము ప్రకటించెను. కజ్రీ జైన్ 2007లో భారతీయ క్యాలెండరు కళపై వెలువరించిన గ్రంథమున శివకాశి వ్యాపారవిధానమును సాకల్యముగా పరిశీలించెను. అమెరికాలోని సిరక్యూస్ విశ్వవిద్యాలయమున హెచ్. డేనియల్ స్మిత్ సేకరించిన దేవతాచిత్రముల అచ్చులు వేలకొలది భద్రముగా నున్నవి. మన పూజాగృహముల చరిత్రకై మన పిల్లలు న్యూయార్కు రాష్ట్రమునకు పోవలసివచ్చుట మనకు శోభనిచ్చునది కాదు. మనకు సంస్థలు కొరవడి కాదు; జాతీయ ఆధునిక కళాప్రదర్శనశాల, లలితకళా అకాడమి రెండును 1954లోనే, అనగా కొండయ్యరాజు కోవిల్పట్టిలో ముమ్మరముగా పనిచేయుచున్న కాలముననే, ఢిల్లీలో పుట్టినవి.

ఇప్పుడు చేయదగిన పనులు దుస్సాధ్యములు కావు. కోవిల్పట్టిలో ఒక చిన్న చిత్రశాల కావలెను. కొండయ్యరాజు, ఆయన శిష్యులు వ్రాసిన మూలచిత్రములలో ప్రెస్సులయందును కుటుంబములయందును మిగిలినవానిని సేకరించి, వాని ప్రక్కనే వాని అచ్చుప్రతులను, లితోపలకలను ఉంచవలెను. కట్టబొమ్మని స్మరించుటకు కయత్తారులో ఆగు యాత్రికుడు అటనుండి కోవిల్పట్టికి పోయి దీనిని చూచునట్లు తమిళనాడు ప్రభుత్వము పూనుకొనవచ్చును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయముల చిత్రకళాశాఖలు తమ పాఠ్యక్రమమున దామెర్లను చదివించునట్లే కొండయ్యరాజును చదివింపవలెను. ఆ సీమ తెలుగువారినిగూర్చి పరిశోధన చేయువారు భాషతోపాటు చిత్రమునుకూడ గమనింపవలెను.

పాఠకులకు నా విన్నపమొకటి. మీ యింట అటకమీదనో, పూజగదిలో పటముల వెనుకనో పాత క్యాలెండరు బొమ్మ యున్నచో పారవేయకుడు. దుమ్ము తుడిచి అడుగుభాగమును చూడుడు. కొండయ్యరాజు పేరు, ఆయన శిష్యుని పేరు, ముద్రాపకుని పేరు, పంచిపెట్టిన దుకాణము పేరు, సంవత్సరము — వీనిలో ఏది కనబడినను వ్రాసిపెట్టుకొని, అంచులు కత్తిరింపక, ఎండ తగులని చోట భద్రపరచుడు.